రెండు జట్లకూ మేలే

మే 6, బుధవారం

నిత్య సహాయమాత నవదిన ప్రార్థన ముగించుకుని వస్తుంటే చేపల బజారులో ఉర్సులా ఆపింది. "ఏం పెలా, నీ పొడుగు కొడుకుని అమ్మేస్తున్నారటగా. కేజీ ఎంతకిస్తారేం?" పక్కన బుట్టలవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటి తలుపు తీస్తుంటే తట్టింది, తను ఊరికే అనలేదని.

మా పై గదిలో ఉండే జెస్‌మార్ ప్రాక్టీసు నుంచి వచ్చి భోజనం చేశాడు. ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. కందులూ పనసకాయా వేసి వండిన పంది మాంసం. మూడుసార్లు వడ్డించుకున్నాడు. మనసులో ఏదైనా ఉన్నవాడు అంత తినగలడా?

పొద్దున మామూలుగానే వేడినీళ్లు పెట్టాను.

మే 7

పుకారు కాదు. మా ఐసు ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ జట్టు జెస్‌మార్‌ని మాలిందాంగ్ కొబ్బరినూనె జట్టుకి ఇచ్చేసి, వాళ్ల దగ్గరున్న లెమ్యుయెల్ అనే అతన్ని తీసుకుంటుందట. మనిషికి మనిషి. నెలాఖరులోగా లీగ్ ఆఫీసు ఒప్పుకోవాలి. మనీలాలో ముగ్గురు పెద్దమనుషులు కూచుని, ఈ మార్పిడి వల్ల రెండు జట్లకూ మేలు జరుగుతుందా అని చూస్తారు. ఒకరికే లాభమని తోస్తే కొట్టేస్తారు.

మామిడిపండు తొక్క తీస్తూ చెప్పాడు ఇదంతా, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు.

"నువ్వేమంటావు నానాయ్?" వాళ్లమ్మని పిలిచినట్టే నన్ను నానాయ్ అంటాడు, నేనూ చిన్నవాణ్ణి పిలిచినట్టు తోతో అంటాను.

"నాకేం తెలుసు తోతో. పెద్దగా చదువుకున్నదాన్నా?"

"ఆరేళ్లుగా ఒక్క ఆటా వదల్లేదు. నేను రీబౌండ్ జారవిడిచిన రోజున కోచ్ ఊరుకున్నా నువ్వు ఊరుకోవు. కూరలో ఉప్పు తగ్గుతుంది."

"అది నేను మర్చిపోయి."

"ఓడిపోయినప్పుడే మర్చిపోతావు. చెప్పు, ఇది మంచిదేనా? అటూ ఇటూ ఆలోచించి చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవు."

ఆలోచించి చెప్తానన్నాను. వేరే దేశం కాదు, వేరే ద్వీపం అంతే. పడవలో ఒక రోజు ప్రయాణం.

మే 8

ఆలోచించాను. ఈ మార్పిడి మా జట్టుకి మంచిది కాదు. రాసి పెట్టుకుంటే సరిగా చెప్పగలను.

మాకు బుట్ట కింద నిలబడే మనిషి జెస్‌మార్ ఒక్కడే. అతని తరవాత ఉన్నవాడు పొడుగే కానీ భుజాలు లేవు, ఎవరైనా తోస్తే బెంచీ దాకా వస్తాడు. జెస్‌మార్ పోతే పడ్డ బంతి పట్టుకునేదెవరు? ఆ లెమ్యుయెల్ చాలా వేగంగా పరిగెడతాడంటున్నారు. పరిగెత్తడానికి ముందు బంతి చేతికి రావాలి కదా. బంతి తెచ్చిపెట్టే మనిషిని పంపేసి, బంతితో పరిగెత్తే మనిషిని తెచ్చుకుంటే ఏం లాభం?

ముప్ఫైమూడేళ్లవాడి అనుభవాన్ని ఇరవైరెండేళ్లవాడి కాళ్లకి ఇచ్చేస్తున్నారు. ఇది నా మాట కాదు, రేడియోలో అన్నారు. కానీ నాకూ అలాగే అనిపించింది.

మే 9

మాలిందాంగ్ వాళ్లకి కూడా మంచిది కాదు. వాళ్లది పరుగుల జట్టు. జెస్‌మార్ నిలబడి ఆడేవాడు. వాళ్లు బంతి తీసుకుని అటు చివర వేసేసి వచ్చేసరికి ఇతను సగం మైదానం దాటి ఉండడు. వాళ్ల అలవాటు ఇతను చెడగొడతాడు, ఇతని ఆట వాళ్లు చెడగొడతారు.

కాబట్టి ఇద్దరికీ నష్టమే. మనీలా పెద్దమనుషులకి ఇది తెలియకుండా ఉంటుందా?

జపమాల చెప్పుకుని లేచేటప్పుడు మనసు తేలికగా ఉంది.

మే 10, ఆదివారం

తల్లుల దినం. పొద్దున్నే జెస్‌మార్ తన ఊరు కూయోకి ఫోన్ చేసి వాళ్లమ్మతో, భార్య మారివెల్‌తో, ఇద్దరు ఆడపిల్లలతో మాట్లాడాడు. పెద్దపిల్ల వచ్చే నెల హైస్కూల్లో చేరుతుందట. నేను వంటింట్లో ఉన్నాను, వినాలని వినలేదు. తరవాత ఒక కేకు తెచ్చాడు. పైన క్రీముతో నానాయ్ అని రాయించాడు. నేను కత్తి పెట్టలేకపోయాను. ఆ పేరున్న ముక్క అలాగే ఉంచి చుట్టూ కోశాను. అది చూసి నవ్వాడు.

సాయంత్రం ఆట. ఓడిపోయాం. ఎలా ఓడిపోయామో రాయాలి, ఎందుకంటే నిన్నా మొన్నా రాసినవి చదువుకుంటే సిగ్గేసింది.

జెస్‌మార్ పదమూడు రీబౌండ్లు పట్టాడు. పట్టిన ప్రతిసారీ బంతిని ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూశాడు. మావాళ్లలో బంతిని తిన్నగా అవతలికి చేర్చగలిగినవాడు ఒక్కడూ లేడు. నడిమైదానంలోనే పోగొట్టుకున్నారు. నాలుగో భాగంలో ఒక పెద్దాయన స్టాండు మీంచి అరిచాడు, "ఆ బంతిని ఐసులో పెట్టారేంట్రా, చేతిలో నిలవట్లేదు." అందరూ నవ్వారు. నవ్వుతూనే ఓడిపోయాం.

మాలిందాంగ్ ఆటలు ఫోనులో చూశాను. వాళ్ల సంగతి సరిగ్గా తిరగేసి ఉంది. బంతి మెరుపులా అవతలికి పోతుంది, వేస్తారు, తప్పుతుంది, పడ్డ బంతిని పట్టుకునే మనిషి లేడు. వాళ్లకి కావలసింది జెస్‌మార్. మాకు కావలసింది ఆ లెమ్యుయెల్. ఎవరు చూసినా చెప్తారు.

రెండు జట్లకూ మేలే. మోకాలి సంగతి తెలియనివాళ్లకి.

మే 12

నిన్న రాయలేదు. ఇవాళ రాస్తాను.

డిసెంబరులో ఒక పొద్దున మెట్ల కింద ఊడుస్తుంటే జెస్‌మార్ కిందికి దిగుతూ కనిపించాడు. పీతలా పక్కకి తిరిగి, రెండు చేతులతో పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీదా ఆగుతూ. నన్ను చూసి నిలబడిపోయాడు. "మన ఇద్దరి మధ్యే ఉండనీ నానాయ్," అన్నాడు. ఎడమ మోకాలు. ఆ రోజు నుంచి నేను పొద్దున్నే లేచి కుండలో జామాకులు, రాతి ఉప్పు వేసి నీళ్లు కాచి పైకి తీసుకెళ్తున్నాను. అందులో తడిపిన గుడ్డ చుట్టుకుని కాసేపు కూచున్నాక మామూలుగా దిగుతాడు. సాయంత్రానికి ఎగిరి బంతి పట్టుకుంటాడు. చూసేవాళ్లకి తెలియదు. జట్టులో కాళ్లు పట్టే సిమోకి కూడా పిక్క నొప్పనే చెప్పాడు.

ఇవాళ భోజనం దగ్గర అన్నాడు, "మాలిందాంగ్ వాళ్లు రెండేళ్లకి ఒప్పందం రాస్తామంటున్నారు. ఇక్కడ జూలైతో అయిపోతుంది. మళ్లీ రాస్తారో లేదో. ఆలోచించావా నానాయ్?"

"రెండు జట్లకూ మేలే," అన్నాను.

"నేను చెప్పలేదూ, నువ్వు అబద్ధం చెప్పవని," అన్నాడు. చాలా సంతోషపడ్డాడు. ఆ మోకాలితో అతను రెండేళ్లు ఆడలేడు. ఒక ఏడాది కూడా ఆడలేడేమో. అది నాకు తెలుసు, అతనికి తెలుసు. మాలిందాంగ్ వాళ్లకి తెలియదు.

మే 13, బుధవారం

నవదిన ప్రార్థన. ఏం అడగాలో తెలియక ఊరికే మోకరించి వచ్చాను.

మే 14

ఇర్మినా ఫోన్ చేసింది. మాలిందాంగ్‌లో ఆ లెమ్యుయెల్ ఉండేది ఆమె ఇంట్లోనే. ఆమె భర్త అక్కడి జట్టు బస్సు నడుపుతాడు. ఎప్పుడూ చూసుకోలేదు, పేరు విన్నానంతే. మా లీగ్‌లో ఆటగాళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే ఉంటారు కాబట్టి మార్పిడి మాట రాగానే ఆ ఇంటామె ఈ ఇంటామెకి ఫోన్ చేస్తుంది. కోచ్‌లు ఒప్పందాలు రాసుకుంటారు. అప్పగింతలు మేం చేసుకుంటాం.

"మానాంగ్ పెలా, నేను సూటిగా మాట్లాడే మనిషిని, ఏమీ అనుకోకు," అంది, అక్కని పిలిచినట్టే. "మావాడు లైటు వేసుకుని పడుకుంటాడు. కరెంటు పోతే లేచి కూచుంటాడు. బల్లి కనపడితే గదిలోకి రాడు. ఆరడుగులు దాటాడు, బల్లికి భయం. మీ ఇంట్లో బల్లులున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే చచ్చాడు. అరటిపండు సాసు లేందే అన్నం ముట్టడు. స్నానం చేసేటప్పుడు పాడతాడు. మొదట్లో చెవులు మూసుకున్నాను. ఇప్పుడు ఒక రోజు పాడకపోతే వెళ్లి తలుపు కొడతాను, ఒంట్లో బావుందా అని." తరవాత, "మీవాడి సంగతి చెప్పు. ఏం తింటాడు?"

చెప్పాను. కందులు ఇష్టం. చేప తల ఇష్టం. ఆవేళ ఓడిపోతే మాట్లాడించకూడదు. శుక్రవారాలు మాంసం తినడు, నేను అలవాటు చేశాను. మూడుసార్లు వడ్డించాలి, అడగడు.

"ఆరోగ్యం?"

"బాగానే ఉంటాడు," అన్నాను. జలుబు కూడా చెయ్యదన్నాను. జలుబు చెయ్యదు, అది నిజమే.

మే 15

అతను వెళ్లాలి. ఇద్దరు పిల్లలు. చివరి ఒప్పందం ఇదే అవుతుంది. నేను నోరు మూసుకుంటే అతని ఇల్లు నిలబడుతుంది.

మాలిందాంగ్ వాళ్లు నమ్మి తీసుకుంటున్నారు. వాళ్లు ఇచ్చేది మంచి కాళ్లున్న మనిషిని. మనం ఇచ్చేది ఏమిటో మనకి తెలుసు. నోరు మూసుకుంటే మోసంలో పాలు పంచుకున్నట్టే.

నేను మాట్లాడితే మార్పిడి ఆగిపోతుంది. ఆగితే అతను ఇక్కడే ఉంటాడు. పై గదిలో.

నిజం చెప్పాలనుకుంటున్నానా, అతను వెళ్లకూడదనుకుంటున్నానా? రెండూ ఒకే మాట చెప్పమంటున్నాయి. ఎప్పుడూ ఇలా జరగలేదు. మంచి పని చెయ్యాలంటే ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సి వచ్చేది, దాన్నిబట్టి అది మంచి పనని తెలిసేది. అమ్మని చూసుకున్నప్పుడు అంతే. మా ఆయన సిల్వెస్త్రే మంచం పట్టినప్పుడు అంతే.

సిల్వెస్త్రే పోయాక రెండేళ్లు పై గది తాళం తియ్యలేదు. పిల్లల కోసం కట్టిన గది. పిల్లలు పుట్టలేదు.

ఏమీ చెప్పను. అదే సరైనది.

మే 16

చెప్పను.

మే 17, ఆదివారం

పూజ తరవాత, ఎండ ఎక్కకముందే, నేనే ఇర్మినాకి ఫోన్ చేశాను. గది గురించి.

జెస్‌మార్ ఎత్తు మామూలు మంచానికి సరిపోదు. ఆ సంగతి ముందుగా చెప్పకపోతే ఆమె ఇబ్బంది పడుతుందని చేశాను. మంచం చివర ఒక బెంచీ వెయ్యమని చెప్పాను.

"మా ఇంట్లో రెండు గదులు," అంది ఇర్మినా. "పైన గాలి బాగా వస్తుంది. పైదే ఇస్తాను."

"కిందది ఇవ్వు. మెట్లు వద్దు."

"కింద దోమలు, మానాంగ్."

"దోమతెర కట్టు. పొద్దున్నే లేచి నీళ్లు కాచి ఇవ్వాలి. పిడికెడు జామాకులు, రెండు చెంచాల రాతి ఉప్పు, ఆకు రంగు మారేదాకా కాచాలి. మరీ వేడిగా ఉండకూడదు. మందపాటి గుడ్డ అయితే వేడి నిలుస్తుంది. నేను పాత తువ్వాలు చింపి వాడుతున్నాను, అది అతని సామానుతో పంపిస్తాను."

ఫోన్ తెగిపోయిందేమో అనుకున్నాను. వెనకాల ఎవరో పాడుతున్నది వినిపించింది.

"ఏ మోకాలు, మానాంగ్?" అంది.

నేను జవాబు చెప్పలేదు.

"ఎన్నాళ్లనించి?"

నేను నీళ్ల సంగతే చెప్పాను.

"సరేలే," అంది చాలా మెత్తగా. "నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు."

మనిషిని ఎవరి చేతిలోనైనా పెట్టేటప్పుడు ఎలా చూసుకోవాలో చెప్పకుండా ఎలా పెడతాం? ఏ తల్లయినా చెప్తుంది. చెప్పకపోతే అతనికే బాధ. నేను నీళ్ల సంగతే చెప్పాను.

మే 19

మాలిందాంగ్ వాళ్లు ఇలోయిలో పట్నంలో ఒక డాక్టరుకి చూపించమన్నారు. రెండు మోకాళ్లూ ఫోటో తీయించాలట. జెస్‌మార్ పొద్దుటి బస్సుకి వెళ్లాడు. బయల్దేరేముందు అన్నం తినలేదు, కాఫీ తాగాడు. "అందరికీ అడుగుతారు నానాయ్, మామూలే," అన్నాడు నాకు ధైర్యం చెప్తున్నట్టు.

అందరికీ అడుగుతారు. మామూలే.

మే 20, బుధవారం

నవదిన ప్రార్థనకి వెళ్లలేదు. తలనొప్పి.

మే 21

మార్పిడి ఆగిపోయింది. మనీలా దాకా వెళ్లనే లేదు. మాలిందాంగ్ వాళ్లే వద్దన్నారు.

జెస్‌మార్ ఇక్కడే ఉంటాడు.

మే 22

ఉండడు. మా కోచ్‌కీ తెలిసింది కదా ఇప్పుడు. ఆదివారం ఆటకి పేరు రాయలేదు. జూలై దాకా ఎందుకు, ఇప్పుడే లెక్క చూసి పంపిస్తామన్నారు. నాకు ఈ సంగతి ముందుగా తోచలేదు. నిజంగా తోచలేదు. ఆగితే ఇక్కడుంటాడనే అనుకున్నాను, ఎప్పటిలాగే, మెట్లు దిగుతూ, వేడినీళ్లతో, ఇంకా ఎన్నో ఏళ్లు.

మధ్యాహ్నం సిమో వచ్చాడు, జెస్‌మార్ కాలు చూడటానికి. సిమో గుడిలో పాటలు పాడే మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, అన్నలా మానోంగ్ అని పిలుస్తాను, ఎవర్నీ నొప్పించేవాడు కాదు. జెస్‌మార్ వాకిట్లోనే ఆపాడు.

"ఏం, ఇంకా ఏమైనా చూసి చెప్పాలా వాళ్లకి?"

"ఏం మాటలు తోతో ఇవి. నేనేం చెప్పాను?"

"నా కాళ్లు పట్టేది నువ్వొక్కడివే. పిక్క నొప్పంటే నమ్మినట్టు తలూపి, లోపల్లోపల లెక్క కట్టుకున్నావు. ఎంతిచ్చారు? ఒక డబ్బా కొబ్బరినూనె?"

"నాకు అనుమానం ఉన్నమాట నిజమే. ఎవరికీ చెప్పలేదు. నా పిల్లల మీద ఒట్టు."

"నీ పిల్లలు ఆ డబ్బే తింటున్నారుగా, ఒట్టేసుకో మరి."

వీధిలో జనం ఆగారు. ఉర్సులా బుట్ట దింపి మరీ నిలబడింది. సిమో నావైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను గుమ్మంలో గరిటె పట్టుకుని ఉన్నాను. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

మే 23, శనివారం

పాపసంకీర్తనానికి వెళ్లాను. ఫాదర్ ఆన్సెల్మో జాలీ వెనకాల విసనకర్ర ఊపుకుంటున్నారు.

"ఫాదర్, నేను ఒకరి గురించి నిజం చెప్పాను."

"నిజం చెప్పడం పాపం కాదు కదమ్మా."

"ఎందుకు చెప్పానో..."

"ఎవరికైనా అన్యాయం జరగకుండా ఆపావా?"

"ఆపానేమో ఫాదర్."

"మరి ఇంకేమైనా ఉందా?"

బుధవారం ప్రార్థన మానేశానని చెప్పాను. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

సిమో పేరు ఎత్తలేదు. అది చెప్పడానికే వెళ్లాను.

మే 24, ఆదివారం

పూజలో సిమో లేడు. పాట శ్రుతి తప్పి ఎటో పోయింది. దేవమాతకి పూలు తెచ్చిన ఆడపిల్లలు మధ్యలో ఆపేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా జట్టు ఆట కూడా పోయింది.

ఇర్మినా సందేశం పంపింది. మావాడు మళ్లీ పాడుతున్నాడు, మానాంగ్. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

రెండు జట్లలో ఎవరికి మేలు జరిగిందో మనీలావాళ్లు చెప్పగలరా? ఒక్క ఇర్మినాకి జరిగింది.

మే 26

జెస్‌మార్ శనివారం పడవకి కూయో వెళ్తున్నాడు. సామాను సర్దుతున్నాడు. మామూలుగానే ఉన్నాడు నాతో. కూర బావుందంటాడు. నేను వేడినీళ్లు పైకి తీసుకెళ్తే, "ఇంకెందుకులే నానాయ్, దాచేదేముంది," అంటాడు, కానీ గుడ్డ చుట్టుకుంటాడు. రోజూ భోజనం దగ్గర ఒక్కసారైనా సిమోని తిడతాడు. తిట్టి నావైపు చూడడు, కంచంలోకి చూస్తాడు.

సిమో దగ్గర కాళ్లు పట్టించుకోవడం మిగతా ఆటగాళ్లు కూడా మానేశారట. ఉర్సులా చెప్పింది.

మే 28

ఇవాళ చెప్పాను. మధ్యాహ్న భోజనం దగ్గర. ఆకుకూరల లాస్వా పులుసు వడ్డించి, కూచుని, అతను సిమో పేరు ఎత్తగానే.

"సిమో కాదు తోతో."

అతను చెంచా ఆపాడు. "తిను నానాయ్, చల్లారిపోతుంది."

"సిమో ఏం చెప్పలేదు. నేను ఇర్మినాతో..."

"తెలుసు."

బయట ఐసు బండి పోతున్న చప్పుడు.

"ఇలోయిలో డాక్టరు మొదట అడిగింది అదే," అన్నాడు. "జామాకుల నీళ్లు ఎన్నాళ్లనించి వాడుతున్నావు అని. ఫోటో తియ్యకముందే. ఆ నీళ్ల సంగతి ఈ లోకంలో ఎవరికి తెలుసు? మారివెల్‌కి కూడా తెలియదు."

"మరి సిమోని ఎందుకు అన్నావు? వీధిలో, అందరి ముందూ?"

"ఎవర్నో ఒకర్ని అనాలిగా." కంచంలో ఆకుకూర పక్కకి తోస్తూ చెప్పాడు. "నిన్ను అనేస్తే ఈ బల్ల దగ్గర ఎలా కూచోను? పడవ వచ్చేదాకా ఎక్కడ తినను? ఆరేళ్లు తిన్నాను. ఇంకో పది రోజులు కూడా తిని వెళ్దామనుకున్నాను. సిమో అయితే ఓర్చుకుంటాడు, మంచివాడు."

నాకు ఏడుపు రాలేదు. రావాల్సింది.

"ఒక్కటి చెప్పు నానాయ్. వాళ్లకి అన్యాయం జరుగుతుందని చెప్పావా? లేకపోతే..." ఆగిపోయాడు.

"అప్పగింతల్లో వచ్చేసింది," అన్నాను.

"అలాగా," అన్నాడు. ఇంకోసారి వడ్డించుకోలేదు.

మే 29

సిమో ఇంటికి వెళ్లాను. ముంగిట్లో గిటారుకి తీగ కడుతున్నాడు. జరిగింది చెప్పాను. ఫోన్ సంగతి, నీళ్ల సంగతి, గుమ్మంలో గరిటె పట్టుకుని నేను నోరెత్తకపోవడం. క్షమించమన్నాను.

చాలాసేపు తీగ బిగిస్తూనే ఉన్నాడు.

"నేను క్షమిస్తే ఏమవుతుంది పెలా? ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. అతను అన్నది ఇక్కడ కాదు, వీధిలో. వీధిలో పడ్డ మాటని వీధిలోనే తియ్యాలి."

"నాకు గట్టిగా మాట్లాడటం రాదు, మానోంగ్. నీకు తెలుసుగా. గుడిలో జవాబు చెప్పేటప్పుడు కూడా నా గొంతు నాకే వినపడదు."

"తెలుసు," అన్నాడు. నీళ్లు కావాలా అని అడిగాడు. తాగాను.

మే 30, శనివారం

పడవ దగ్గరికి ఊరు సగం వచ్చింది. ఆరేళ్లు ఆడినవాడు కదా. ఆటగాళ్లు వచ్చారు, కోచ్ వచ్చాడు, బజారు ఆడవాళ్లు ఎండుచేపల పొట్లాలు పట్టుకొచ్చారు. సిమో కూడా వచ్చాడు. దూరంగా తాళ్లు కట్టే దిమ్మ దగ్గర నిలబడ్డాడు. అతని పక్కన ఎవరూ నిలబడలేదు.

జెస్‌మార్ ఒంగి నా చెయ్యి తన నుదుటికి ఆనించుకున్నాడు, పిల్లలు పెద్దవాళ్ల దగ్గర చేసినట్టు. ఇంతమంది ముందు ఎప్పుడూ చెయ్యలేదు. "వస్తాను నానాయ్," అని మాత్రం అన్నాడు. పడవ ఎక్కాడు. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి అక్కడ ఇంకెవరూ లేరు, ఎటు నుంచి చూసినా కనిపిస్తున్నాడు.

ఇప్పుడు కాకపోతే ఇంక ఎప్పుడూ చెప్పనని నాకు తెలుసు. చెప్పాను.

"సిమో చెప్పలేదు."

ఉర్సులా ఒక్కతే తిరిగింది. "ఏంటి పెలా?"

"మోకాలి సంగతి. సిమో చెప్పలేదు. నేను చెప్పాను."

"ఏమంటోంది?" అన్నాడు కోచ్. "గట్టిగా చెప్పమ్మా, ఇంజన్ మోత."

నేను ఊపిరి తీసుకున్నాను. "మాలిందాంగ్ వాళ్లకి జెస్‌మార్ మోకాలి సంగతి చెప్పింది నేను. సిమో కాదు. నేను."

ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. నీళ్ల మీద పడి తిరిగొచ్చింది. సిమో దిమ్మ మీద చెయ్యి పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. ఆటగాళ్లలో ఒకడు అతని వైపు రెండడుగులు వేశాడు.

"నువ్వా?" అంది ఉర్సులా. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. "కన్నకొడుకులా చూసుకున్నావు కదే. ఎందుకు చేశావు?"

వాళ్లకి అన్యాయం జరగకూడదని అనొచ్చు. అది అబద్ధం కాదు. ఎవరూ తప్పు పట్టరు. ఫాదర్ కూడా పట్టలేదు. ఆ మాట నాలిక మీదే ఉంది.

"వెళ్లకూడదని," అన్నాను. ఉర్సులాకి చెప్పాల్సిన మాట పడవ దాకా వినపడేలా చెప్పాను. "వాడు వెళ్లిపోకూడదని చెప్పాను."

తాళ్లు విప్పారు. పడవకీ గట్టుకీ మధ్య నీళ్లు కనిపించాయి. జెస్‌మార్ నన్నే చూస్తున్నాడు. విన్నాడు. విన్నాడని మొహంలో తెలిసింది.

ఈల పడగానే ఫౌల్ తనదేనని ఒప్పుకునే ఆటగాడు చెయ్యి పైకెత్తి నిలబడతాడు. అడక్కుండానే ఎత్తుతాడు. అలా ఎప్పుడు ఎత్తానో తెలియదు, చూసుకుంటే నా చెయ్యి పైకి ఉంది. దాన్ని వీడ్కోలు అనుకున్నాడో, ఇంకేమనుకున్నాడో, కాసేపు చూసి తనూ చెయ్యెత్తాడు. పడవ మలుపు తిరిగేదాకా ఇద్దరం దించలేదు.